ఫేజ్ అనేది ఫైల్లో ఉండదు

ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోగానే తెరమీద పడే లెక్కల్లో బంతి ఆధీనం ఒకటి. 58 శాతం, 42 శాతం. సెంటర్ బ్యాక్‌లిద్దరూ సొంత బాక్స్ ముందు బంతిని అటూ ఇటూ దొర్లించుకున్న ఆరు నిమిషాలూ ఆ 58లోనే ఉంటాయి. అవతలి గోల్ ముందు ఊపిరి సలపనివ్వకుండా ఆడిన ఆరు నిమిషాలూ అందులోనే ఉంటాయి. బియ్యం, కందిపప్పు ఒకే సంచిలో పోసి తూచినట్టు. ఆటని ఫేజ్‌లుగా, అంటే దశలుగా, విడగొట్టడమంటే ముందు రెండు సంచులు తెచ్చుకోవడం.

కోచ్‌లు చాలాకాలంగా వాడుతున్న విభజన సులువైనదే. బంతి మన దగ్గర కుదురుగా ఉంటే దాడి, అవతలివాళ్ల దగ్గర కుదురుగా ఉంటే రక్షణ. బంతి చేతులు మారిన (ఈ ఆటలో కాళ్లు మారిన అనాలేమో) ఆ కొద్ది సెకన్లు ట్రాన్సిషన్, మనకి దొరికితే ఒక రకం, మనం పోగొట్టుకుంటే ఇంకో రకం. కార్నర్లు, ఫ్రీ కిక్‌ల లాంటి సెట్ పీస్‌లు వేరే గంప. దాడిని మళ్లీ మూడుగా కోస్తారు: వెనకనుంచి ఆట కట్టడం, మధ్యలోంచి ముందుకు జరపడం, చివరి మూడోవంతులో అవకాశం సృష్టించడం. వీటికి బిల్డప్, ప్రోగ్రెషన్, ఫైనల్ థర్డ్ అనే పేర్లే వాడుకలో ఉన్నాయి, నేనూ వాటినే వాడతాను. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో ఫిఫా దీన్ని ఇంకా సన్నగా తరిగింది. బిల్డప్‌లో ఎదురు ఒత్తిడి ఉన్నది, లేనిది అని రెండు. రక్షణలో హై, మిడ్, లో అని ప్రెస్సూ (బంతి ఉన్నవాడి మీదికెళ్లి ఒత్తిడి పెట్టడం) బ్లాకూ (కట్టుగా నిలబడి కాచుకోవడం) విడివిడిగా. బంతి ఆధీనాన్ని కూడా ఇద్దరి మధ్య కాకుండా మూడుగా పంచింది. మూడోది, బంతి ఎవరిదీ కాని పెనుగులాట.

ఇవన్నీ చదివి, ఉచిత డేటా ఫైలు తెరిచి, ‘ఫేజ్’ అనే కాలమ్ కోసం వెతికేవాళ్లు చాలామంది. అది ఉండదు. ఫైల్లో ఉండేది ఎవరు, ఎప్పుడు, ఎక్కడనుంచి ఎక్కడికి, ఏం చేశారు అన్నది మాత్రమే. ఫేజ్ అన్నది మనం రాసుకునే నిబంధన. సాఫ్ట్‌వేర్ దాన్ని అలుపు లేకుండా అమలు చేస్తుంది, అంతే. కాబట్టి పనిలో సగం కంప్యూటర్ తెరవకముందే, కాగితం మీద అయిపోవాలి.

మనకి దగ్గరి సరుకు

నేర్చుకోవడానికి ప్రపంచకప్ ఫైనలే దొరకాలని లేదు. స్టాట్స్‌బాంబ్ సంస్థ గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టిన డేటాలో 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ సీజన్ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన సీజన్. మనోలో మార్కెజ్ కోచ్, ఓగ్బెచే 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద 1-1. ఆపైన పెనాల్టీల్లో 3-1, గోల్‌కీపర్ కట్టిమణి చేతుల చలవ. పదకొండు జట్లు ఒక్కొక్కటీ మిగతావాటితో రెండేసిసార్లు ఆడితే 110, సెమీస్ నాలుగు, ఫైనల్ ఒకటి, మొత్తం 115 మ్యాచ్‌లు. అందులో హైదరాబాద్‌వి 20 లీగ్, 2 సెమీస్, 1 ఫైనల్, వెరసి 23. ఈ అంకెలు గుర్తుంచుకోండి, తర్వాత లెక్క సరిచూసుకోవడానికి ఇవే కొలబద్ద.

ఈ సీజన్‌కి ఒక వింత ఉంది. కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి, ఫైనల్ తప్ప మిగతావి ప్రేక్షకులు లేకుండానే. మ్యాచ్ ఫైల్లో మాత్రం ‘హోమ్ టీమ్’, ‘అవే టీమ్’ అని రాసే ఉంటుంది. ఆ కాలమ్‌తో విడదీసి ‘సొంతగడ్డ మీద హైదరాబాద్ ఇలా ప్రెస్ చేసింది’ అని రాస్తే కోడ్‌లో ఏ తప్పూ కనబడదు, వాక్యం మాత్రం శుద్ధ తప్పు.

పైథాన్‌లో మూడు లైబ్రరీలు చాలు: పట్టికలకి పాండాస్, డేటా తెప్పించుకోవడానికి ‘స్టాట్స్‌బాంబ్‌పై’, బొమ్మలకి ఎంపీఎల్ సాకర్. పోటీ నంబరు 1238, సీజన్ నంబరు 108 ఇచ్చి మ్యాచ్‌ల జాబితా తెప్పించుకోవాలి. హోమ్‌లోగానీ అవేలోగానీ హైదరాబాద్ ఉన్న వరసలు ఏరితే 23 రావాలి. ఒక్కో మ్యాచ్ నంబరు ఇచ్చి ఈవెంట్లు (పాస్, షాట్ లాంటి ఒక్కో చర్య) దించుకుంటే మ్యాచ్‌కి మూడువేల పైచిలుకు వరసలు వస్తాయి. లాగిన్ వివరాలు ఇవ్వలేదని ఎర్రగా హెచ్చరిక కనిపిస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. ఉచిత డేటాకి లాగిన్ లేదు. దించుకున్నదాన్ని మన డిస్క్‌లో దాచుకోవాలి. ప్రతి ప్రయోగానికీ 23 మ్యాచ్‌లు మళ్లీ తెప్పించుకోవడం కాలహరణం.

ఇక్కడే మొదటి మూడు గుంతలు.

ఒకటి, ఆ లైబ్రరీ ఈవెంట్లని జరిగిన వరసలో ఇవ్వదు. పాస్‌లన్నీ ఒకచోట, షాట్‌లన్నీ ఒకచోట, రకాలవారీగా పేర్చి ఇస్తుంది. ‘ఇండెక్స్’ అనే కాలమ్ ప్రకారం వరస పెట్టాకే ఏ పనైనా. ఇది మరిచి ‘తర్వాతి ఈవెంట్’ లెక్క వేస్తే వచ్చే జవాబు చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే ప్రమాదం.

రెండు, నిమిషం కాలమ్‌తో వరస పెట్టకూడదు. మొదటి సగం అదనపు సమయం 45, 46, 47 నిమిషాలుగా నడుస్తుంది. రెండో సగం కూడా 45తోనే మొదలవుతుంది. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ‘పీరియడ్’ ముందు, దాని లోపల ‘టైమ్‌స్టాంప్’ చూడాలి. టైమ్‌స్టాంప్ ప్రతి పీరియడ్‌లో సున్నా నుంచి మొదలవుతుంది. 1, 2 రెండు సగాలు, 3, 4 ఎక్స్‌ట్రా టైమ్, 5 పెనాల్టీ షూటౌట్. మన ఫైనల్లో అయిదూ ఉన్నాయి. 5ని ముందే తీసేయకపోతే ఒక్కో తన్నుకి 0.78 చొప్పున ఎక్స్‌జీ (షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే అంచనా) వచ్చి పడి, ఆ రాత్రి రెండు జట్లూ కుండపోతగా దాడి చేసినట్టు కనబడుతుంది.

మూడు, బంతి స్థానం ఒక జాబితాగా వస్తుంది: ఎక్స్, వై. షాట్ చేరిన చోటుకైతే ఎత్తు కూడా మూడో అంకెగా ఉంటుంది. దాన్ని విడదీయకుండా సీఎస్‌వీలో దాచితే మళ్లీ తెరిచేసరికి అది అంకెల జాబితా కాదు, బ్రాకెట్లతో సహా వట్టి అక్షరాల వరస. విడదీసి, మొదలైన చోటుకి రెండు, చేరిన చోటుకి రెండు కాలమ్‌లు చేసి అప్పుడు దాచాలి.

మైదానం కొలతలు, దిక్కులు

స్టాట్స్‌బాంబ్ మైదానం 120 పొడవు, 80 వెడల్పు. మూల బిందువు ఎడమ పైన. బంతి ఆడుతున్న జట్టు ఏదైనా సరే ఎప్పుడూ ఎడమనుంచి కుడికే దాడి చేస్తున్నట్టు రాస్తారు. అవతలి పెనాల్టీ బాక్స్ ఎక్స్ 102 నుంచి, వై 18 నుంచి 62 వరకు. గోల్ వై 36 నుంచి 44.

వై పైనుంచి కిందికి పెరుగుతుంది కాబట్టి వై తక్కువగా ఉంటే అది ఎడమ వింగ్. మామూలు గ్రాఫ్‌లో గీస్తే వై కిందినుంచి పైకి పెరుగుతుంది, ఎడమ వింగర్ కుడివైపు తేలతాడు. ఎంపీఎల్ సాకర్‌లో మైదానం రకం స్టాట్స్‌బాంబ్ అని చెబితే అదే తిప్పుకుంటుంది. బొమ్మ గీశాక మీకు బాగా తెలిసిన వింగర్ ఒకణ్ని విడిగా గీసి చూడండి. అతను తన వైపు లేకపోతే మిగతా బొమ్మ చూడనక్కర్లేదు.

దిక్కు విషయంలో అసలు చిక్కు రక్షణలో వస్తుంది. ఒక పొజెషన్‌లో (ఒక జట్టు బంతి అందుకున్నప్పటినుంచి పోగొట్టుకునేదాకా సాగే ఆటలో) రెండు జట్ల ఈవెంట్లూ ఉంటాయి. కేరళ పాస్ ఇస్తుంటే హైదరాబాద్ ఆటగాడు మీదికి వెళ్తే అది హైదరాబాద్ ‘ప్రెషర్’ ఈవెంట్. దాని స్థానం హైదరాబాద్ కోణంలోంచి రాసి ఉంటుంది. ఒకే చోట జరిగిన పాస్ ఎక్స్ 20 అనీ, ప్రెషర్ ఎక్స్ 100 అనీ కనబడుతుంది. రెండింటినీ ఒకే పటం మీద పెట్టాలంటే ఒకదాన్ని తిప్పాలి: 120లోంచి ఎక్స్ తీసేయాలి, 80లోంచి వై తీసేయాలి. ఎక్స్ ఒక్కటే తిప్పి వై వదిలేయడం అందరూ చేసే పొరపాటు. లోతు సరిగ్గా వస్తుంది, వింగ్ తారుమారు అవుతుంది.

మీటర్లలోకి మార్చాలంటే 105 గుణకారం 68 మైదానానికి పొడవులో ఒక యూనిట్ 0.875 మీటర్లు, వెడల్పులో 0.85. తేడా చిన్నదే, వదిలేయొచ్చు. ఆప్టా, వైస్కౌట్ లాంటి డేటా సంస్థల 0 నుంచి 100 కొలతల్లో అలా కుదరదు. అక్కడ పొడవు యూనిట్ 1.05 మీటర్లు, వెడల్పు యూనిట్ 0.68. మార్చకుండా పాస్ దూరంగానీ కోణంగానీ లెక్కిస్తే అడ్డపాస్‌లన్నీ ఉన్నదానికంటే పొడుగవుతాయి. రకరకాల సరఫరాదారుల డేటా కలపాల్సివస్తే క్లాపీ అనే లైబ్రరీ అన్నిటినీ ఒకే కొలతలోకి తెస్తుంది.

నిబంధనలు

‘ప్లే ప్యాటర్న్’ అనే కాలమ్ చూసి చాలామంది ఇదే ఫేజ్ అనుకుంటారు. కార్నర్ నుంచి, త్రో నుంచి, కౌంటర్ నుంచి, గోల్ కిక్ నుంచి అంటూ అందులో విలువలుంటాయి. అది పొజెషన్ ఎలా మొదలైందో చెబుతుంది, ఇప్పుడేం జరుగుతోందో చెప్పదు. సొంత సగంలో త్రో వేసి నలభై సెకన్లపాటు ఇరవై పాస్‌లు ఆడి గోల్ కొట్టినా ఆ షాట్ పక్కన ‘త్రో నుంచి’ అనే ఉంటుంది. దాన్ని సెట్ పీస్ గోల్ కింద రాసుకుంటే కోచ్ రేపటినుంచి త్రోలు ప్రాక్టీస్ చేయిస్తాడు.

కింద రాసేవి నేను సిఫారసు చేసే అంకెలు. శాసనాలు కావు, మీ జట్టు ఆటని బట్టి మార్చుకోవచ్చు. మార్చకూడనిది అడిగే వరస. ముందు సెట్ పీసా అని అడగాలి, కాకపోతే ట్రాన్సిషనా, అదీ కాకపోతే లాంగ్ బాలా, ఏదీ కానప్పుడే మైదానం మండలం చూసి బిల్డప్, ప్రోగ్రెషన్, ఫైనల్ థర్డ్ అని తేల్చాలి. వరస లేకపోతే ఒకే సెకను రెండు గంపల్లో పడుతుంది, మొత్తం సమయం 110 శాతం వస్తుంది.

సెట్ పీస్: కార్నర్, లేదా ఎక్స్ 80 దాటాక తీసుకున్న ఫ్రీ కిక్, త్రో. తన్నిన క్షణం నుంచి 10 సెకన్లు, లేదా బంతి ఎక్స్ 60 వెనక్కి వచ్చేవరకు, ఏది ముందైతే అది. అవతలి జట్టు తలతో బయటికి పంపిన బంతి అయిదు సెకన్లలోపు మళ్లీ మనకే దొరికితే దాన్ని సెట్ పీస్ కొనసాగింపుగానే ఉంచాలి. అలాంటి చోట కొన్నిసార్లు కొత్త పొజెషన్ నంబరు పడుతుంది కాబట్టి నంబరు ఒక్కటే నమ్ముకుంటే కార్నర్ రెండో బంతి మీద వచ్చిన షాట్ ట్రాన్సిషన్ ఖాతాలోకి వెళ్తుంది.

ట్రాన్సిషన్: పొజెషన్ జట్టు మారాలి, ఆ పొజెషన్ ఏ రీస్టార్ట్‌తోనూ మొదలై ఉండకూడదు. అంటే త్రో, గోల్ కిక్, ఫ్రీ కిక్, కిక్ ఆఫ్ అన్నీ బయటికి. అక్కడనుంచి 8 సెకన్లు. ఈలోగా బంతి తను చేరిన అతి ముందు చోటునుంచి 15 యూనిట్లు వెనక్కి వస్తే కౌంటర్ ఆశ వదులుకున్నట్టే, అక్కడే ఫేజ్ ముగించాలి. గోల్‌కీపర్ బంతి పట్టుకుని మొదలైనవాటికి విడిగా ఒక ప్యాటర్న్ ఉంది. 5 సెకన్లలోపు వదిలితే ట్రాన్సిషన్, గుండెలకి హత్తుకుని అందర్నీ ముందుకి పొమ్మని చెయ్యి ఊపితే బిల్డప్.

లాంగ్ బాల్: ఎక్స్ 50 లోపలనుంచి, 35 యూనిట్లకి తక్కువ కాకుండా, ఎత్తు ‘హై’ అని రాసి, ముందుకి వెళ్లిన పాస్. తర్వాతి 5 సెకన్లు కూడా దీనికే చెందుతాయి, ఎందుకంటే లాంగ్ బాల్ విలువ ఆ పాస్‌లో కాదు, పడ్డ చోట రెండో బంతి ఎవరికి దొరికిందన్నదాంట్లో ఉంటుంది. ఇందులో పూర్తికాని పాస్‌లు కూడా కలపాలి. ‘అవుట్‌కమ్’ ఖాళీగా ఉంటే పాస్ పూర్తయినట్టు, ఏదైనా రాసి ఉంటే పూర్తికానట్టు. ఖాళీ గడులన్నీ లోపమనుకుని తీసేసే అలవాటున్నవాళ్లు పూర్తయిన పాస్‌లన్నిటినీ ఊడ్చిపారేస్తారు.

మిగిలినదాన్ని 40, 80 గీతలతో మూడుగా కోయాలి. ఇక్కడ ఒక కంతిరి సమస్య ఉంది. బంతి 81కి వెళ్లి, 78కి వచ్చి, మళ్లీ 82కి వెళ్తే గీత మూడుసార్లు దాటినట్టు. ఫైనల్ థర్డ్ ప్రవేశాలు రెండింతలవుతాయి. దీనికి మందు మన మేడమీద నీళ్ల ట్యాంకులోనే ఉంది. ఫ్లోట్ స్విచ్ మోటారుని ఒక మట్టం దగ్గర ఆన్ చేసి అదే మట్టం దగ్గర ఆఫ్ చేయదు, అలా చేస్తే అల అలకీ మోటారు టకటకమని కాలిపోతుంది. కింద ఒక మట్టం, పైన ఒక మట్టం. అలాగే ఫైనల్ థర్డ్‌లోకి 80 దగ్గర ప్రవేశం, బయటికి మాత్రం 72 కంటే వెనక్కి వస్తేనే. బిల్డప్‌నుంచి ప్రోగ్రెషన్‌కి 40, తిరిగి రావాలంటే 32. పాండాస్‌లో దీన్ని ఒక్క లైన్లో రాయాలని తంటాలు పడొద్దు. ఒక్కో వరసా నడుచుకుంటూ పోయే మామూలు లూప్ రాయండి, 23 మ్యాచ్‌లకి అది క్షణాల పని.

మండలం తేల్చేటప్పుడు ఈవెంట్ మొదలైన చోటు కాకుండా ముగిసిన చోటు తీసుకోవాలి. బంతిని కాలితో నడిపించుకుపోయే ‘క్యారీ’ ఒక్కటే 35 నుంచి 60కి వెళ్లొచ్చు. మొదలు మాత్రమే చూస్తే ఆ పరుగంతా బిల్డప్ అయిపోతుంది.

ఆఖరిది, పెనుగులాట. 3 సెకన్లకంటే తక్కువ, లేదా రెండు పాస్‌లు కూడా పూర్తికాని పొజెషన్లని, అవి షాట్‌తో ముగియకపోతే, ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాలి. తలలతో బంతి అటూ ఇటూ ఎగిరే మధ్య మైదానం గోలని ఇద్దరికీ పంచితే ట్రాన్సిషన్ల సంఖ్య ఉబ్బిపోతుంది. ఫిఫా మూడో గంప పెట్టింది ఇందుకే, సరైన పనే చేసింది.

గడియారం

ఒక ఫేజ్ ఎంతసేపు నడిచిందో తెలియాలంటే తర్వాతి ఈవెంట్ సమయంలోంచి ఈ ఈవెంట్ సమయం తీసేయాలి. పాండాస్‌లో షిఫ్ట్ అంటే అదే. దాన్ని మ్యాచ్, పీరియడ్ వారీగా గ్రూప్ చేసి చేయాలి, లేకపోతే మొదటి సగం చివరి ఈవెంట్‌కీ రెండో సగం మొదటి ఈవెంట్‌కీ మధ్య రుణసంఖ్య వస్తుంది. అంతకుముందు ఆట కాని వరసలు తీసేయాలి: ప్రారంభ జట్టు, సబ్‌స్టిట్యూషన్, ఫార్మేషన్ మార్పు. పాస్ అందుకున్నట్టు రాసే ‘బాల్ రిసీట్’ కూడా ఈ వరసకి అక్కర్లేదు. ప్రెషర్ ఈవెంట్లు పారేయొద్దు, వేరే పట్టికలో ఉంచాలి.

తొంభై నిమిషాల్లో బంతి నిజంగా ఆటలో ఉండేది మామూలుగా 55, 60 నిమిషాలు. మిగతాది త్రో కోసం బంతి తెచ్చుకోవడం, గోడ నిలబెట్టడం, కాలు పట్టుకుని దొర్లడం. తర్వాతి ఈవెంట్ రీస్టార్ట్ అయితే మధ్యలో గడిచిన సమయం ఏ ఫేజ్‌కీ చెందదు, ‘ఆగిన బంతి’ అని రాసుకోవాలి. ఈ పని సరిగ్గా జరిగిందో లేదో చూడ్డం తేలిక: అన్ని ఫేజ్‌ల సమయం కూడితే 90 దగ్గరికి వస్తోందంటే ఆగిన బంతిని మీరు ఎవరికో దానం చేస్తున్నారు. సాధారణంగా ఆ దానం సెట్ పీస్‌కే వెళ్తుంది.

రక్షణ: ఎదుటివాడి బిల్డప్పే మన అవకాశం

రక్షణ ఫేజ్‌లకి కొత్త నిబంధనలు అక్కర్లేదు, అవతలి జట్టు ఫేజ్‌ల పట్టికే అద్దంలో చూడాలి. వాళ్లు బిల్డప్‌లో ఉంటే మనకి హై ప్రెస్ అవకాశం. ఆ బిల్డప్ నడుస్తున్నంతలో మన ప్రెషర్లు రెండుగానీ అంతకంటే ఎక్కువగానీ, మన కోణంలో ఎక్స్ 72 దాటిన చోట పడితే ప్రెస్ చేసినట్టు లెక్క. ఫలితం మూడింట్లో ఒకటి: బంతి దొరికింది, లాంగ్ బాల్ కొట్టించాం, మనల్ని దాటి ప్రోగ్రెషన్‌లోకి వెళ్లిపోయారు. బంతి పోగానే వెంటనే మీదపడటాన్ని స్టాట్స్‌బాంబ్ ‘కౌంటర్‌ప్రెస్’ అని గుర్తుపెట్టే ఇస్తుంది, ఓపెన్ ప్లేలో బంతి పోయిన 5 సెకన్లలోపు చేసినవి. దాన్ని మళ్లీ లెక్కించక్కర్లేదు.

ఉత్త సంఖ్యలు ఇక్కడ బాగా మోసం చేస్తాయి. రెండు మ్యాచ్‌లలోనూ 14 సార్లు హై ప్రెస్ చేశారనుకుందాం. మొదటిదాంట్లో అవతలివాళ్లు బిల్డప్‌కి దిగింది 20 సార్లు, రెండోదాంట్లో 56 సార్లు. ఒకటి 70 శాతం, ఇంకోటి 25 శాతం. ఒకే 14, రెండు వేర్వేరు జట్లలాంటి ఆట. ప్రతి ఫేజ్‌కీ హారంలో అవకాశాల సంఖ్య ఉండాలి. స్కోరు పరిస్థితి కూడా విడదీయాలి. 88వ నిమిషంలో తవోరా గోల్ కొట్టేవరకు ఆ ఫైనల్లో హైదరాబాద్ వెనకబడే ఉంది, కేరళ ఆటగాడు రాహుల్ గోల్ పడ్డ 68వ నిమిషం నుంచి. ఆ ఇరవై నిమిషాల ఫేజ్‌ల పంపిణీని 0-0 నాటిదానితో కలిపి సగటు తీస్తే రెండూ కాని మూడోది వస్తుంది. అలాగని ఒక్క మ్యాచ్‌లో ఇరవై నిమిషాల ముక్క మీద శాతాలు వేయడమూ తప్పే. అక్కడ సంఖ్యలు రాసి, క్లిప్‌లు చూపించి ఊరుకోవాలి.

ఈవెంట్ డేటాకి ఒక హద్దు ఉంది, దాన్ని దాటి మాట్లాడొద్దు. బంతి దగ్గర లేని ఇరవై మంది ఎక్కడున్నారో అందులో ఉండదు. కాబట్టి లో బ్లాకా, మిడ్ బ్లాకా అని సూటిగా చెప్పలేం. రక్షణ చర్యల సగటు లోతు, పీపీడీఏ లాంటివి దగ్గరి అంచనాలు మాత్రమే. పీపీడీఏ అంటే అవతలి జట్టు తన వైపు 60 శాతం మైదానంలో ఆడిన పాస్‌లని అక్కడే మన ట్యాకిల్స్, ఇంటర్‌సెప్షన్లు, ఫౌల్స్ మొత్తంతో భాగించడం. తక్కువైతే గట్టి ప్రెస్. రక్షణ గీత ఎత్తు, జట్టు పొడవూ వెడల్పూ నిజంగా కొలవాలంటే ట్రాకింగ్ డేటా (ఆటగాళ్లందరి స్థానాలూ క్షణక్షణం రాసేది) కావాలి. మెట్రికా స్పోర్ట్స్ మూడు మ్యాచ్‌ల నమూనా ఉచితంగా ఇస్తోంది. సెకనుకి 25 ఫ్రేములు, అంటే తొంభై నిమిషాలకి 1,35,000 ఫ్రేములు. కొలత 0 నుంచి 1, సగం ఆటకి జట్లు వైపులు మారతాయి, తిప్పడం మన పనే. ఎక్సెల్ ఇక్కడ చేతులెత్తేస్తుంది, ఈవెంట్ డేటాకైతే పివట్ టేబుల్‌తో చాలా దూరం లాగొచ్చు.

వీడియోతో సరిచూడటం

నిబంధన నడిచాక వచ్చిన ఫేజ్‌లలోంచి 30 ఏరండి. యాదృచ్ఛికంగా ఏరాలి. గోల్స్, మంచి దాడులే ఏరితే అవన్నీ సరిగ్గానే ఉంటాయి. తప్పులు దాక్కునేది ఎవరికీ గుర్తుండని 37వ నిమిషంలో.

వీడియోకీ డేటాకీ గడియారం కలపడానికి ప్రతి పీరియడ్ కిక్ ఆఫ్ వీడియోలో ఏ సెకన్లో పడిందో విడిగా రాసుకోవాలి. మొదటి సగానికి సరిపోయిన తేడా రెండో సగానికి సరిపోదు, విరామం ఎంతసేపన్నది వీడియోని బట్టి మారుతుంది. కలిపాక కూడా ఒకటి రెండు సెకన్ల తేడా మామూలే. టీవీ ప్రసారంలో రీప్లే వేస్తున్నప్పుడు త్రో వేసేయడం, గోల్ కిక్ తన్నేయడం కనబడవు. అలాంటివి ‘చూడలేదు’ అని రాసుకోవాలి, డేటాని నమ్మి సరే అనేయకూడదు.

స్పోర్ట్స్‌కోడ్, నాక్‌స్పోర్ట్, లాంగోమ్యాచ్ లాంటి వీడియో సాఫ్ట్‌వేర్‌లో చేత్తో ట్యాగ్ చేసేవాళ్లు ఫేజ్ బటన్లని ఒకదానికొకటి ప్రత్యేకంగా కట్టుకోవాలి, ఒకటి నొక్కితే ముందుది దానంతట మూసుకునేలా. సమయం కొలిచే ఫేజ్ బటన్లకి ముందు వెనక అదనపు సెకన్లు పెట్టొద్దు, ఒకదాంట్లోకి ఒకటి జొరబడతాయి. ఆ వెసులుబాటు షాట్, రికవరీ లాంటి క్షణకాలపు బటన్లకి: ముందు 8, వెనక 4 సెకన్లు అంటే క్లిప్ చూసేవాడికి కథ అర్థమవుతుంది.

ఇద్దరు మనుషులు ఒకే 15 నిమిషాల ముక్కని ఒకరికొకరు చూపించుకోకుండా ట్యాగ్ చేసి, సెకనుకి సెకను పోల్చుకోవాలి. 85 శాతం కలిసిందని సంబరపడే ముందు, గాలివాటుగా కలిసినదాన్ని తీసేసి చూసే కోహెన్ కప్పా లెక్కేయాలి (మన బావిలో కప్పతో దీనికి చుట్టరికం లేదు). ఊరికే కళ్లు మూసుకుని ట్యాగ్ చేసినా 40 శాతం కలిసే పరిస్థితి అయితే, 0.85లోంచి 0.40 తీసి, 1లోంచి 0.40 తీసినదానితో భాగిస్తే 0.75. ఫర్వాలేదు. 0.6 కంటే తక్కువ వస్తే మనుషుల్ని తిట్టొద్దు, నిర్వచనం తిరగరాయండి. గొడవ దాదాపు ఎప్పుడూ ఒకేచోట వస్తుంది: ట్రాన్సిషన్ ఎక్కడ ముగిసి కుదురైన దాడి ఎక్కడ మొదలైందన్నచోట. ఇద్దరు కోచ్‌లు ఒప్పుకోలేని గీతని కోడ్ 8 సెకన్లని తేల్చేసింది కాబట్టి, 6 పెట్టి ఒకసారి, 10 పెట్టి ఒకసారి నడిపి చూడాలి. మూడింట్లోనూ అదే మాట వస్తే ఆ మాట చెప్పొచ్చు. 8 దగ్గర మాత్రమే కనిపించే విశేషాన్ని కోచ్ ముందు పెట్టకండి.

ఏం ఇవ్వాలి

ఎక్కువ పనికొచ్చే పట్టిక ఒకటే: ఏ ఫేజ్ తర్వాత ఏ ఫేజ్ వచ్చింది. అడ్డంగా ఇప్పటిది, నిలువుగా తర్వాతిది. పాండాస్‌లో క్రాస్‌ట్యాబ్. బిల్డప్‌లు వందలో ఎన్ని ప్రోగ్రెషన్‌లోకి వెళ్లాయి, ఎన్ని లాంగ్ బాల్ అయ్యాయి, ఎన్ని అక్కడే పోయాయి అన్నది ఆ ఒక్క వరసలో కనబడుతుంది. దాని పక్కన ఫేజ్‌వారీగా షాట్‌లు, ఎక్స్‌జీ. పెనాల్టీలు మాత్రం ఏ ఫేజ్‌లోనూ కలపొద్దు, ఒక్క 0.78 చాలు మ్యాచ్ బొమ్మంతా వంకర తిప్పడానికి.

కోచ్‌కి గ్రాఫ్‌కంటే క్లిప్‌లు ముఖ్యం. పైథాన్‌లో తేలిన ఫేజ్‌లని మొదలు, ముగింపు సెకన్లు, ఫేజ్ పేరు, లేబుళ్లతో స్పోర్ట్స్‌కోడ్ చదివే ఎక్స్‌ఎంఎల్‌గా రాస్తే వీడియో టైమ్‌లైన్ మీద వరసలుగా వచ్చి కూర్చుంటాయి. ‘విఫలమైన హై ప్రెస్’ అన్న వరస మీద నొక్కితే పన్నెండు క్లిప్‌లు వరసగా ఆడతాయి. ఆ పన్నెండూ చూశాక మాట్లాడేది కోచే.

పంపేముందు మొత్తాలు సరిచూడండి. ఓగ్బెచే గోల్స్‌ని ఫేజ్‌లవారీగా పంచాక అన్నీ కూడితే, విడిగా పెట్టిన పెనాల్టీలతో కలిపి, 18 రావాలి. ఎక్కువొస్తే ఏదో ఫేజ్ రెండుసార్లు లెక్కకి వచ్చింది, తక్కువొస్తే ఏ ఫేజ్‌కీ చెందని వరసలు ఎక్కడో రాలిపోయాయి. జట్టు గోల్స్ మొత్తం స్కోరుతో కలవకపోతే సెల్ఫ్ గోల్స్ చూడండి, అవి షాట్ కింద ఉండవు, వేరే ఈవెంట్ రకం. పేరుతో కాకుండా ఆటగాడి నంబరుతో వెతకండి, ఫైల్లో ఉండేవి పాస్‌పోర్టులో ఉన్నంత పొడుగు పేర్లు. బొమ్మ ఎక్కడైనా పెడితే స్టాట్స్‌బాంబ్ పేరూ లోగో ఉండాలన్నది ఉచిత డేటా షరతు. దాని కింద చిన్న అక్షరాల్లో మీ ఫేజ్ నిబంధనల తేదీ కూడా వేయండి. నిబంధనలో 8ని 7 చేసిన రోజు 23 మ్యాచ్‌లూ మళ్లీ నడపాలి, పాత పట్టికనీ కొత్త పట్టికనీ పక్కపక్కన పెట్టకూడదు.